లాంబరేనే వైద్యుడు డాక్టర్ ఆల్బర్ట్ ష్వైట్జర్

ఈ శతాబ్ది సంచికలో మన సంఘములకు పునాది వేసిన మిషనరీలను గురించి, మన ఆసుపత్రులను గురించి పలువురు సభ్యులు వ్రాస్తున్నారు. నేను మన ప్రాంతమునకు ఎన్నడును రాని ఒక వైద్యుని జీవితమును వ్రాయదలచాను. అందుకు కారణము ఉన్నది. మన తాతముత్తాతలలో అనేకులు దూరదేశము నుండి వచ్చిన వైద్యుల చేతి మందు త్రాగి బ్రతికినవారు. మన అలవాట్లు ఆ వైద్యులకు ఎంత వింతగా తోచాయో, వారి అలవాట్లు మన పెద్దలకు ఎంత వింతగా తోచాయో మనము అంతగా ఆలోచించము. నేడు మన బిడ్డలే డాక్టర్లుగా, నర్సులుగా సముద్రములు దాటి పరుల దేశములలో పనిచేస్తున్నారు. కనుక పరాయి ప్రజల నడుమ నిలిచి వైద్యము చేయువానికి ఎదురయ్యే ప్రశ్నలు ఒకప్పుడు వారివి, ఇప్పుడు మనవి కూడ.

ఆ ప్రశ్నలను దాచుకొనక పుస్తకములో పెట్టినవారిలో డాక్టర్ ఆల్బర్ట్ ష్వైట్జర్ గారు ముఖ్యులు. ఆయన నేర్చుకొన్న పాఠములను, నేర్చుకొనలేకపోయిన ఒక పాఠమును చదువరుల ముందు ఉంచుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

బాల్యము, విద్య

ష్వైట్జర్ గారు 1875వ సంవత్సరము జనవరి 14వ తేదీన అల్సాస్ ప్రాంతములోని కైజర్స్‌బెర్గ్ అను చిన్న పట్టణములో జన్మించారు. అల్సాస్ నేడు ఫ్రాన్సు దేశములో ఉన్నది. ఆనాడు జర్మనీ ఏలుబడిలో ఉండేది. తండ్రి లూయీ ష్వైట్జర్ గారు పాదిరి. బిడ్డ పుట్టిన ఏడాదిలోనే ఆ కుటుంబము గున్స్‌బాఖ్ అను పల్లెకు మారినది. ఆ పల్లెలో ఉన్నది ఒకే దేవాలయము. ప్రొటెస్టెంటులు, కాథలిక్కులు ఆ ఒక్క కప్పు క్రిందనే వేర్వేరు వేళలలో ఆరాధన జరుపుకొనేవారు. వేరైనవారు ఒకే చోట ఇమడవచ్చునను సంగతి ఆ బాలుడు పుస్తకములలో కాక ఆదివారము నాటి బల్లల మీదనే నేర్చుకొన్నాడు.

పాదిరిగారి అబ్బాయి గనుక అతనికి పల్లె పిల్లలకు లేని తిండి, బట్ట ఉండేవి. ఒకనాడు తనకంటె పెద్దవాడైన ఒక పిల్లవానితో కుస్తీపట్టి అతనిని పడవేశాడు. ఓడిన పిల్లవాడు, నీవలె వారమునకు రెండుసార్లు మాంసపు చారు త్రాగితే నాకును నీ బలము ఉండేదని అన్నాడట. ఆ మాట అతని మనస్సులో ముల్లువలె దిగినది. ఆ తరువాత ఆ చారు గొంతు దిగలేదు. పల్లె పిల్లలు తొడగని కోటును తానును తొడగనన్నాడు. తండ్రి కొట్టినా వినలేదు. తనకున్నది ఎదుటివానికి లేదను బాధ అతనికి అప్పటినుండియే తోడైనది.

సమీపములోని కోల్మార్ పట్టణములో ఒక నౌకాధిపతి స్మారక చిహ్నము ఉండేది. న్యూయార్కు రేవులోని స్వేచ్ఛాదేవి విగ్రహమును చేసిన బార్తోల్డీ అను శిల్పియే దానిని కూడ చేశాడు. దానిలో ఒక ఆఫ్రికా మనిషి రూపము ఉన్నది. బలమైన దేహము, దిగులు నిండిన ముఖము. కోల్మార్ వెళ్ళిన ప్రతిసారి బాలుడైన ఆల్బర్ట్ ఆ ముఖము ఎదుట నిలిచి చూచేవాడు. ఆఫ్రికాను గురించిన మొదటి ఆలోచన తనకు ఆ రాతి ముఖమే కలిగించినదని ఆయన పెద్దయ్యాక వ్రాసికొన్నారు.

స్ట్రాస్‌బర్గ్ విశ్వవిద్యాలయములో ఆయన దైవశాస్త్రము, తత్త్వశాస్త్రము చదివారు. ముప్పది ఏండ్లకే దైవశాస్త్ర కళాశాలకు ప్రిన్సిపాలు, దేవాలయములో బోధకుడు, ఐరోపా మెచ్చిన ఆర్గాన్ వాద్యకారుడు అయ్యారు. సంగీతకారుడు బాఖ్‌ను గురించి 1905లో ఆయన వ్రాసిన గ్రంథమును పండితులు గౌరవించారు. ఇంతటివారికి ఇక కావలసినది ఏమున్నది?

పిలుపు

అయితే ఆయన 1896లో, ఇరువదియొకటవ ఏట, పెంతెకొస్తు పండుగ నాటి ఉదయమున ఒక తీర్మానము చేసికొన్నారు. ముప్పది ఏండ్లు వచ్చువరకు చదువుకు, సంగీతమునకు. అటు తరువాత మనుష్యులకు నేరుగా చేయు సేవకు. 1904లో పారిస్ మిషనరీ సంఘము వారి పత్రిక ఒకటి ఆయన బల్ల మీదికి వచ్చినది. ఫ్రెంచివారి వలసయైన గాబన్ దేశములో పనివారు కొరతగా ఉన్నారను వ్యాసము అందులో ఉన్నది. చదివి ముగించి, తన వెదకులాట ముగిసినదని ఆయన అనుకొన్నారు.

స్నేహితులు, బంధువులు వారించారు. నీవు ఉపన్యాసములు చెప్పి డబ్బు పంపితే చాలదా అన్నారు. మాటలు చెప్పిచెప్పి అలసినాను, ఇక చేతులతో పనిచేస్తానన్నది ఆయన భావము. ప్రొఫెసరుగా ఉన్న మనిషి 1905లో వైద్య విద్యార్థులతో కలిసి బల్ల మీద కూర్చున్నారు. ఏడు సంవత్సరములకు పైగా ఆ శ్రమ సాగినది. 1912లో హెలెన్ బ్రెస్లౌ గారిని వివాహమాడారు. ఆమె భర్తకు తోడుగా ఉండుటకు నర్సు పని నేర్చుకొన్నారు.

మరియొక ఆటంకము సంఘము లోపలి నుండియే వచ్చినది. ఆయన దైవశాస్త్ర భావములు పారిస్ మిషను పెద్దలలో కొందరికి నచ్చలేదు. చివరకు, అక్కడ బోధ చేయను, వైద్యము మాత్రమే చేస్తానని మాట ఇచ్చిన మీదట ఒప్పుకొన్నారు. మందులకు, పనిముట్లకు డబ్బును కచేరీల వలన, స్నేహితుల వలన తానే కూర్చుకొన్నారు. 1913 మార్చి నెలలో సుమారు డెబ్బది పెట్టెలతో భార్యాభర్తలు ఫ్రాన్సు రేవు విడిచారు. ఏప్రిల్ 16వ తేదీన ఓగోవే నది మీద లాంబరేనే చేరారు. ఆఫ్రికాకు వెళ్ళిన తరువాత అక్కడి మిషనరీలే ఆయనను బోధ చేయమని అడిగారు. పారిస్‌లోని బల్ల దగ్గర పెద్దదిగా కనిపించిన భేదము అడవి ఒడ్డున చిన్నదైపోయినది.

కోళ్ళ గూటిలో ఆసుపత్రి

రేకుల షెడ్డు ఇంకను కట్టలేదు. రోగులు మాత్రము ఆగలేదు. మొదట ఆరుబయట, ఆ తరువాత పాడుబడిన ఒక కోళ్ళ గూటిలో సున్నము వేయించి వైద్యము మొదలుపెట్టారు. మలేరియా, నిద్రవ్యాధి, కుష్ఠు, రక్త విరేచనములు, గజ్జి, మానని పుండ్లు, మెలిపడిన హెర్నియా ఇవి అక్కడి ముఖ్య వ్యాధులు. మలేరియా దోమ ద్వారా వచ్చునని తెలియుటకు దారి చూపిన పరిశోధనను రోనాల్డ్ రాస్ గారు మన సికింద్రాబాదులో చేసినది 1897లో. ఆ సంగతి తెలిసి పదునారు ఏండ్లు గడచినా ఓగోవే తీరమున ఆ జ్వరమునకు పిల్లలు చనిపోతూనే ఉన్నారు. మొదటి తొమ్మిది నెలలలోనే దాదాపు 2,000 మందిని ఆయన చూచారు.

అక్కడ గలోవా, పహువెన్ అను రెండు ముఖ్య జాతులవారు ఉన్నారు. ఎవరి భాష వారిది. డాక్టరుగారికి ఆ రెండును రావు. జోసెఫ్ అజోవాని అను ఒక రోగి, ఒకప్పుడు వంటవాడుగా పనిచేసినవాడు, ఫ్రెంచి తెలిసినవాడు, ఆయనకు దుబాసియు సహాయకుడును అయ్యాడు. వంటశాలలో నేర్చిన భాష గనుక రోగి శరీరమును కూడ అతడు మాంసపు కొట్టు మాటలతోనే చెప్పేవాడు. ఈమెకు ఎడమ ప్రక్క చాప ముక్కలో నొప్పి, ఇతనికి వేట తొడలో నొప్పి అని చెప్పేవాడట. మనకు నవ్వు వస్తుంది. కాని ఆ వంటవాడే లేనిచో ఆ డాక్టరు చేతికి నాలుక లేదు. ఆసుపత్రి నడిచినది ఒక్క డాక్టరు పేరున కాదు, జోసెఫ్ వంటి వారి భుజముల మీద కూడ.

అలవాట్ల భేదము మొదటి రోజు నుండియే తెలిసినది. అక్కడివారు ఆయనను ఓగాంగా అని పిలిచారు. వారి మాటలో వైద్యునికి ఉన్న పేరు అదే. మంత్రవేత్తకు ఉన్న పేరును అదే. రోగము పోగొట్టగలవాడు రోగము పెట్టగలడు కూడ అని వారి నమ్మకము. మత్తుమందు ఇచ్చి కోసి కుట్టుట చూచినవారు, ఈ డాక్టరు మనిషిని ముందు చంపి, బాగుచేసి, మరల బ్రతికిస్తాడని చెప్పుకొన్నారు. ప్రతి రోగికి ఒక గుండ్రని అట్టముక్క మీద నెంబరు వేసి నార త్రాటితో మెడకు కట్టించేవారు. అది పుస్తకములోని లెక్క కొరకే. వారు దానిని తాయెత్తువలె భద్రముగా దాచుకొనేవారు. మందు సీసాలు తిరిగి వచ్చేవి కావు. పూసుకొనవలసినది తిన్నవారు, తినవలసిన పొడిని పూసుకొన్నవారు ఉన్నారు.

మొదట ఇవన్నియు ఆయనకు విసుగు కలిగించాయి. ఆ విసుగును పుస్తకములో దాచలేదు. ప్రతి ఉదయము జోసెఫ్ చేత ఆరు నియమములు చదివించేవారు: ఇంటి దగ్గర ఉమ్మివేయరాదు, గట్టిగా మాటలాడరాదు, ఒక దినమునకు సరిపడు ఆహారము తెచ్చుకొనవలెను, సీసాలు, డబ్బాలు తిరిగి ఇవ్వవలెను మొదలైనవి. రోగులు తల ఊపి వినేవారు. తమ ఊళ్ళలో వాటిని అందరికి చెప్పండని కోరితే చెప్పేవారు కూడ. నియమము ఇరువైపుల మర్యాదగా మారినది ఆ విధముగానే.

ఎదురు ప్రశ్నలు

మనకు ముఖ్యమైనది ఇక్కడ ఉన్నది. భేదమును చూచుటతో ఆయన ఆగలేదు. ఆ భేదములో తన వైపు తప్పు ఎంత అని కూడ అడిగికొన్నారు.

తెల్ల వ్యాపారులు, అధికారులు అందరును చెప్పే మాట ఒకటి ఉండేది: ఈ ప్రజలు సోమరులు. ష్వైట్జర్ గారు కూడ పనివారి కొరకు ఎదురుచూచి చూచి కోపగించుకొన్నవారే. అయినను ఆలోచించి వేరు తీర్పు చెప్పారు. తన ఊరిలో తనకు కావలసిన అరటి, కర్ర పెండలము, చేప దొరుకుచుండగా ఆ మనిషి సోమరి కాడు, స్వతంత్రుడు. అవసరము వచ్చినప్పుడు అతడు చేయు పని మరి ఎవరును చేయలేరని వ్రాశారు. తెడ్లు వేసి రాత్రింబగళ్ళు నది ఎదురెక్కిన పడవవారిని, బురదలో నిలిచి ఒకుమే దుంగలను త్రోసిన కలప కూలీలను కళ్ళార చూచి వ్రాసిన మాట అది. తెల్లవారి సారాయి, పన్ను, కలప వ్యాపారము అక్కడి ఊళ్ళను ఏమి చేశాయో కూడ వ్రాశారు.

ధనవంతుడు, లాజరు ఉపమానమును ఆయన తన పనికి అన్వయించుకొన్నారు. వైద్యము తెలిసిన ఐరోపాయే ఆ ధనవంతుడు. వాకిట పుండ్లతో పడియున్న లాజరు ఆఫ్రికా. కాబట్టి అక్కడ చేయు సేవను దానమని పిలువరాదని, తెల్లవారు చేసిన అన్యాయములకు అది ప్రాయశ్చిత్తమని ఆయన నమ్మకము. సేవకు వెళ్ళువాడు గొప్ప మనస్సుతో ఇచ్చుచున్నానని అనుకొనక, తీర్చవలసిన అప్పు తీర్చుచున్నానని అనుకొనవలెను. మిషను పని చేయువారికి ఇంతకంటె గట్టి హెచ్చరిక అరుదు.

1914 ఆగస్టులో యుద్ధము వచ్చినది. ష్వైట్జర్ దంపతులు జర్మను ప్రజలు. ఉన్నది ఫ్రెంచి వలస. వెంటనే వారిని ఇంటిలోనే ఖైదు చేశారు. కాపలా ఉన్నవారు నల్ల సైనికులు. రోగులను చూడరాదన్నారు. మా డాక్టరును ఎందుకు కట్టివేశారని అక్కడివారు ఆశ్చర్యపోయారు. కొన్ని మాసములకు మరల వైద్యమునకు సెలవు దొరికినది.

ఆ దినములలో ఆ ప్రాంతము నుండి యుద్ధమునకు వెళ్ళిన తెల్లవారిలో పదిమంది మరణించినారను వార్త వచ్చినది. ఒక పహువెన్ ముసలివాడు ఆ లెక్క విని దిగులుపడ్డాడు. ఇంతమంది చనిపోతే ఆ తెగలు కూర్చుండి మాటలాడుకొనవేమి, చచ్చినవారందరికి వారు వెల ఎట్లు చెల్లించగలరని అడిగాడు. ఆ జాతిలో పోరాటము ముగిసిన తరువాత గెలిచినవారు, ఓడినవారు కూడ చనిపోయిన వారి కొరకు సొమ్ము కట్టుకొనవలెను. చావునకు లెక్క చెప్పవలెను గనుక చావు త్వరగా ఆగుతుంది. ఐరోపాలో లక్షల మంది చనిపోతున్నారు. లెక్క అడుగువాడు లేడు. ప్రేమను గూర్చి బోధించుటకు వచ్చినవారి దేశములే ఒకరినొకరు చంపుకొనుచుండగా అడవిలోని ముసలివాడు పంచాయితీ గురించి అడిగాడు. ఆ ప్రశ్నను పుస్తకములో ఎక్కించుటలో ష్వైట్జర్ గారి నిజాయితీ ఉన్నది.

1915 సెప్టెంబరులో, జబ్బుపడిన ఒక మిషనరీ భార్యను చూచుటకు ఓగోవే మీద పడవలో దూరము వెళ్ళుచుండగా, మూడవనాటి సంధ్యవేళ, నీటి ఏనుగుల మందల నడుమ, ఆయన ఎన్నాళ్ళుగానో వెదకుచున్న భావము దొరికినది. ప్రతి ప్రాణము పట్ల పూజ్యభావము ఉండవలెను. నేను బ్రతుకగోరునట్లే నా చుట్టు ఉన్న ప్రతి జీవియు బ్రతుకగోరును. ఆయన తత్త్వమంతయు ఈ ఒక్క భావము మీద నిలిచినది.

1917లో వారిని ఖైదీలుగా ఫ్రాన్సుకు తరలించి శిబిరములలో ఉంచారు. ఆయన జబ్బుపడ్డారు. 1918లో విడుదలై ఇల్లు చేరేసరికి మిగిలినవి అప్పులు, అనారోగ్యము. 1919లో, తన పుట్టినరోజు జనవరి 14నే, కుమార్తె రేనా జన్మించినది. స్వీడను దేశపు ఆర్చిబిషప్పు నాథన్ సోడర్‌బ్లోమ్ గారు 1920లో పిలిపించి ఉపన్యాసములు, కచేరీలు ఏర్పాటు చేయగా అప్పులు తీరాయి. లాంబరేనే అనుభవములను గూర్చిన పుస్తకము అప్పుడే వెలువడినది.

ఊరే ఆసుపత్రి

1924లో ఆయన తిరిగి వెళ్ళేసరికి కట్టినవన్నియు పొదలు కప్పి శిథిలమయ్యాయి. మరల మొదలు. 1925లో కరవు, విరేచనముల వ్యాధి కలిసివచ్చాయి. స్థలము చాలక, నదికి కొంచెము పైన క్రొత్త చోట కట్టి 1927 జనవరిలో రోగులను అక్కడికి చేర్చారు. హెలెన్ గారి ఆరోగ్యము ఆ వేడికి నిలువలేదు. ఆమె బిడ్డతో అనేక సంవత్సరములు ఐరోపాలోనే గడపవలసి వచ్చినది. ఆయన సేవకు వెల కట్టినవారిలో ఆమెయు, ఆ బిడ్డయు ఉన్నారని మరువరాదు.

ఆ క్రొత్త ఆసుపత్రిని చూచిన ఐరోపా, అమెరికా వైద్యులు కొందరు ముఖము చిట్లించారు. తెల్లని దుప్పట్లు లేవు. రోగి వెంట భార్య, పిల్లలు, అత్త, మేనల్లుడు వచ్చి ఉన్నారు. గది వాకిట పొయ్యి, కుండ, అరటికాయలు. కోళ్ళు, మేకలు తిరుగుచున్నాయి. ఇది ఆసుపత్రియా, పల్లెయా అన్నారు. మనకైతే అందులో వింత ఏమియు తోచదు. రోగిని ఒంటరిగా మంచము మీద వదలి గంట కొట్టగానే బంధువులు వెళ్ళిపోవుట మన పెద్దలకును మింగుడు పడని సంగతే. జబ్బుపడినవాని చేయి పట్టుకొని కూర్చుండుట కూడ మందేనని మనకు తెలుసు.

ష్వైట్జర్ గారు ఆ సంగతిని అక్కడివారి వద్ద నేర్చుకొన్నారు. వేరు జాతివాని చేతి వంట తినుటకు రోగి భయపడును. తనవారు వండినది తినును. ఇల్లు విడిచి రాలేని తల్లి బిడ్డలతో వచ్చును. ఐరోపా ఆసుపత్రిని తెచ్చి అడవిలో నిలబెడితే భవనము చక్కగా ఉండేది, రోగులు ఉండేవారు కారు. అందుచేత ఆసుపత్రిని ప్రజల తీరునకు వంచారు. భేదము ఎదురైనచోట ఎవరు వంగవలెనను ప్రశ్నకు ఈ విషయములో ఆయన సరియైన జవాబు ఇచ్చారు.

అన్న, తమ్ముడు

కాని మరియొకచోట ఆయన వంగలేదు. ఆఫ్రికావారు తనకు సోదరులే, అయితే తాను అన్నను, వారు తమ్ములు అను భావమును ఆయన మొదటి పుస్తకములోనే వ్రాశారు. ఆ మాట ఆయనను జీవితాంతము వెంటాడినది. మన ఇండ్లలో అన్న అనగా పెత్తనము మాత్రమే కాదు, బాధ్యత కూడ. తండ్రి లేని ఇంట అన్న తన చదువు మానుకొని తమ్ముని చదివించుటను మనము చూచినదే. ష్వైట్జర్ గారు అట్టి అన్నయే. అందులో సందేహము లేదు. కాని తమ్ముడు ఎదుగును. మీసము వచ్చిన తమ్ముని అడుగకయే అతని పొలము సంగతి, పెండ్లి సంగతి తేల్చు అన్న ఎంత మంచివాడైనను ఆ ఇంట పొరపు పుట్టును.

లాంబరేనేలో జరిగినది అదే. అర్ధ శతాబ్దము గడచినను ఆయన అక్కడి భాషలు నేర్చుకొనలేదు. మొదటి రోజు జోసెఫ్ నిలిచిన చోట చివరి రోజు వరకు ఒక దుబాసి నిలువవలసి వచ్చినది. అక్కడి యువకులను వైద్యులుగా తీర్చిదిద్దుటకు పూనుకొనలేదను విమర్శ బలముగా వచ్చినది. 1960 ఆగస్టు 17న గాబన్ స్వతంత్ర దేశమైనది. లోకము మారినంత వేగముగా ఆ ఆసుపత్రి మారలేదు. నైజీరియా రచయిత చినువా అచేబే గారు 1975లో అమెరికాలో చేసిన ఒక ఉపన్యాసములో ఆ అన్నదమ్ముల మాటను ఎత్తి చూపి తప్పుపట్టారు. తమ్ముడు మాటలాడినాడు. వినవలసిన మాటయే.

ఈ పెద్దరికము ఆఫ్రికాతో ఆగలేదు. మన దేశము వరకు వచ్చినది. భారత తత్త్వవేత్తలను గూర్చి ష్వైట్జర్ గారు 1935లో ఒక గ్రంథము ప్రకటించారు. జైనుల అహింసను అందులో ఎంతో మెచ్చుకొన్నారు. అయితే మొత్తము మీద భారతీయుల చింతన లోకమును, జీవితమును నిరాకరించునదని తీర్పు చెప్పారు. దానికి జవాబు ఇచ్చినది డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. తిరుత్తణిలో తెలుగు కుటుంబమున పుట్టి, తిరుపతి, వేలూరు మిషను పాఠశాలలలోను, మద్రాసు క్రైస్తవ కళాశాలలోను చదివి, 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైనవారు ఆయన. 1939లో తూర్పు మతములను, పడమటి చింతనను గూర్చి వ్రాసిన గ్రంథములో ష్వైట్జర్ గారి వాదమును ఒక్కొక్కటిగా పరిశీలించి కాదన్నారు. మిషను బడిలో కూర్చుని చదివిన పిల్లవాడు, మిషను డాక్టరుతో సమానముగా కూర్చుని వాదించాడు. మంచి అన్న కోరుకొనవలసినది ఇదే కదా!

చివరి సంవత్సరములు

1952వ సంవత్సరపు నోబెల్ శాంతి బహుమానము ఆయనకు లభించినది. ఆ సొమ్మును కుష్ఠు రోగుల కొరకు ఒక ఊరు కట్టుటకు వినియోగించారు. ముసలితనములో తానే ఎండ టోపీ పెట్టుకొని అక్కడి పనిని దగ్గరుండి చేయించారు. 1957 ఏప్రిల్‌లో ఓస్లో రేడియో ద్వారా అణుబాంబు పరీక్షలకు వ్యతిరేకముగా ఆయన విజ్ఞప్తి ప్రసారమైనది. చావునకు లెక్క చెప్పవలెనని అడిగిన ఆ పహువెన్ ముసలివాని ప్రశ్న ఆయన నోట లోకమునకంతకు వినిపించినదని నాకు తోస్తుంది. అదే సంవత్సరము జూన్‌లో హెలెన్ గారు మరణించారు.

1965 సెప్టెంబరు 4వ తేదీన, తొంబదవ ఏట, లాంబరేనేలోనే ష్వైట్జర్ గారు ప్రభువునందు నిద్రించారు. నది ఒడ్డున హెలెన్ గారి సమాధి ప్రక్కన ఆయనను సమాధి చేశారు. కుమార్తె రేనా కొన్ని సంవత్సరములు ఆసుపత్రిని నడిపారు. 1981లో క్రొత్త భవనములలో ఆసుపత్రి తెరువబడినది. మలేరియాను గూర్చి పరిశోధన కూడ అక్కడ సాగుచున్నది. మలేరియాకు వచ్చిన మొదటి టీకాను ఆఫ్రికా పిల్లల మీద పెద్ద ఎత్తున పరీక్షించిన కేంద్రములలో లాంబరేనే ఒకటి. 2021 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ టీకాను సిఫారసు చేసినది. ఆ పనిలో ఆఫ్రికా వైద్యులు, శాస్త్రజ్ఞులు సమానులుగా పాలుపంచుకొన్నారు. అట్టముక్కను మెడకు కట్టించుకొన్నవారి దేశపు బిడ్డలు నేడు ఆ రోగమునకే మందు వెదకుచున్నారు. తమ్ముడు ఎదిగినాడు.

మనకు పాఠము

ప్రియ చదువరులారా, ష్వైట్జర్ గారిని పరిశుద్ధునిగా పటము కట్టి గోడకు తగిలించుట సులభము. తెల్లవాని పెత్తనమని త్రోసివేయుట కూడ సులభము. రెండును ఆయన జీవితమునకు న్యాయము చేయవు. ప్రొఫెసరు పదవిని, వాద్యమును, ఇంటి సుఖమును విడిచి కోళ్ళ గూటిలో మొదలుపెట్టిన మనిషి ఆయన. తాను చేయునది దానము కాదు, అప్పు తీర్చుట అని తెలిసికొన్నవాడు. పరాయివారి పొయ్యిని, కుండను, బంధువులను ఆసుపత్రిలోనికి రానిచ్చినవాడు. అంతటివానికే ఒక మెట్టు దిగి ప్రక్కన కూర్చుండుట కష్టమైనది.

ఆ కష్టము మనకు లేదని అనుకొనరాదు. పట్టణము నుండి పల్లెకు వైద్య శిబిరమునకు వెళ్ళినప్పుడు, కొండ మీది గూడెమునకు మందులు తీసికొని వెళ్ళినప్పుడు మన నోటను అదే అన్న మాటలాడుచున్నాడు. వీరికి శుభ్రత తెలియదు, వీరికి చెప్పినా అర్థము కాదు అని ఎన్నిసార్లు అనలేదు? వారి భాషలో పది మాటలు నేర్చుకొన్నామా? వారి పిల్లలలో ఒక్కరినైనను నర్సుగా, డాక్టరుగా చేయవలెనని తలచామా? వారు మనలను గురించి ఏమనుకొనుచున్నారని ఒక్కసారియైనను అడిగామా?

నూరు సంవత్సరముల క్రిందట మనము వాకిట ఉన్నవారము. నేడు బల్ల దగ్గర ఉన్నాము. మన వాకిట ఎవరున్నారో చూచి, లోనికి పిలిచి, బల్ల చివర కాక మన ప్రక్కనే చోటు ఇయ్యగలిగితే, లాంబరేనే డాక్టరుగారు మొదలుపెట్టిన పనిని ఆయన ఆగిన చోటు నుండి మనము ముందుకు కొనిపోయినవారమగుదుము. అట్టి కృప ప్రభువు మనకు దయచేయును గాక.